సెల్యూకసు - చంద్రగుప్తుల సంధి: సాక్ష్యపరిశీలనము

చంద్రగుప్త మౌర్యుడు సెల్యూకసును యుద్ధమున ఓడించెననియు, ఓడినవాడు నాలుగు రాష్ట్రములను, తన కుమార్తెను విజేత కర్పించెననియు, విజేత సంతసించి ఐదువందల ఏనుగులను బహూకరించెననియు మన పాఠ్యగ్రంథములు చెప్పుచు వచ్చినవి. ఈ వాక్యమున నాలుగు విషయములు కలవు: యుద్ధఫలము, భూదానము, వివాహము, గజదానము. చదువరి ఈ నాలుగును ఏదో యొక ప్రాచీనగ్రంథమున ఒక్కచోటనే లభించుచున్నవని తలచును. వాస్తవ మట్లు కాదు. ఒక రచయిత యుద్ధమును, స్నేహమును చెప్పి భూమిని చెప్పలేదు; వేఱొకడు భూమిని, ఏనుగులను చెప్పి యుద్ధమును చెప్పలేదు; మఱియొకడు సంధి జరిగెనని మాత్రము చెప్పి ఊరకుండెను. వీరిలో ప్రాచీనుడైనవాడు సైతము ఆ సంఘటనకు సుమారు 300 ఏండ్లకు పిమ్మట వ్రాసినవాడు. 'ఓడించెను' అను మాట వీరిలో నెవరి గ్రంథమునను లేదు.

ఈ వ్యాసమున ఆ సాక్ష్యములను వేఱువేఱుగ నిలిపి, ఏది ఎంతవఱకు చెప్పుచున్నదో పరిశీలించి, ఆ సంధి స్వరూపమును నిర్ణయించుటకు యత్నింతును. అది ఒకరి గెలుపును, మఱియొకరి ఓటమిని తెలుపునది కాదనియు, ఇరువురు రాజులును తమ తమ అవసరముల నెఱిగి కుదుర్చుకొనిన ఒడంబడిక యనియు, దాని ఘనత యుద్ధఫలమునందు గాక సుమారు నూఱేండ్ల మన్నికయందు కలదనియు నా యభిప్రాయము.

సాక్షులు

మన దేశమున పుట్టిన గ్రంథములు ఈ విషయమున మౌనము వహించినవి. పురాణములు, బౌద్ధ జైన వాఙ్మయములు చంద్రగుప్తు నెఱుగును, సెల్యూకసు నెఱుగవు. విశాఖదత్తుని ముద్రారాక్షసమున కుసుమపురమును ముట్టడించిన సేనలలో యవనులు కనబడుదురు గాని, యవనరాజుతో పోరుగాని సంధిగాని అందు లేదు. కావున సంధిని గూర్చిన సాక్ష్యమంతయు గ్రీకు, లాటిను రచయితలనుండియే గ్రహింపవలసియున్నది. వారు పేర్కొనిన సాండ్రకోట్టసు మన చంద్రగుప్తుడే యని సర్ విలియం జోన్సు 1793లో కలకత్తా ఆసియాటిక్ సొసైటీ సభలో ప్రకటించెను. భారతదేశపు ప్రాచీన కాలగణనమునకు ఆ యభేదనిర్ణయమే నేటికిని మూలస్తంభముగ నున్నది.

సాక్షులలో ముఖ్యులు ఐదుగురు. స్ట్రాబో క్రీస్తుశకారంభకాలమున భూగోళగ్రంథము రచించినవాడు. ప్లినీ తన ప్రకృతిచరిత్రమును క్రీ. శ. 77లో సమర్పించెను. ప్లూటార్కు క్రీ. శ. 1వ శతాబ్ది చివరను, 2వ శతాబ్ది మొదటను మహాపురుషుల జీవితములను వ్రాసెను. అప్పియను క్రీ. శ. 2వ శతాబ్దివాడు, సెల్యూకసు వంశచరిత్రమును సిరియా యుద్ధముల గ్రంథమున సంగ్రహించెను. జస్టిను, అగస్టసు కాలమునాటి ట్రోగసు రచించిన పెద్ద చరిత్రమును కుదించినవాడు. వీరందఱును పూర్వగ్రంథములను జూచి వ్రాసినవారే. ఆ పూర్వగ్రంథములలో పెక్కులు నశించినవి. చంద్రగుప్తుని యాస్థానమును కన్నులార చూచిన మెగస్తనీసు వ్రాసిన 'ఇండికా' సైతము పరులు ఉద్ధరించిన ఖండములుగనే మనకు దక్కినది.

సాక్షి కాలమున దూరస్థుడైనంత మాత్రమున అతని మాట త్రోసివేయదగినది కాదు. అయితే అతడు చెప్పినంతకంటె ఎక్కువ అతనిచేత చెప్పింపరాదు. పరిశోధకునకు ఈ నియమము ప్రథమము.

పూర్వరంగము

క్రీ. పూ. 327 నుండి 325 వఱకు అలెగ్జాండరు సింధుపరీవాహమున యుద్ధములు సలిపెను. 326లో జీలంనదీతీరమున పురుషోత్తమునితో (గ్రీకుల పోరసుతో) జరిగిన పోరాటమున రాజరక్షక పదాతిదళమునకు నాయకుడుగ నుండినవాడు సెల్యూకసు. అనగా ఇరువది యేండ్ల తరువాత భారతదేశపు టేనుగులను బేరమాడి కొనిపోయిన యీ రాజు, తన యౌవనమున ఆ యేనుగుల కెదురుగ నిలిచి వాని బలమెట్టిదో స్వయముగ నెఱిగినవాడు. ఈ విషయము మఱవరానిది.

323లో అలెగ్జాండరు బాబిలోను నగరమున మరణించెను. అతని సేనాపతులు రాజ్యమును పంచుకొని, పంపకమునకై పరస్పరము పోరాడిరి. సింధుప్రాంతమున నిలిపిన గ్రీకు అధికారులు ఒక్కరొక్కరుగ పడమటికి మరలిరి. యూడెమసు అను వాడు పోరసును చంపించి 120 ఏనుగులతో 317 ప్రాంతమున ఇరానుదేశపు పోరాటమునకు తరలిపోయెను. 316 నాటికి పైథాను అను మఱియొక అధికారియు వెడలిపోయెను. ఈ శూన్యమున చంద్రగుప్తుడు విజృంభించెను. అలెగ్జాండరు నియమించిన అధిపతులను సంహరించి భారతదేశమునకు స్వాతంత్ర్యము సంపాదించినవాడు ఇతడని జస్టిను వ్రాసెను. అదే వాక్యశ్రేణిలో, స్వాతంత్ర్యము తెచ్చినవాడే పిదప ప్రజలను దాస్యమున ఉంచెనని నిందయు చేర్చెను.

సెల్యూకసు 312లో బాబిలోనును తిరిగి గెలుచుకొని, పిమ్మట బాక్ట్రియా వఱకు గల తూర్పురాష్ట్రములను వశపఱచుకొనుచు 305 ప్రాంతమునకు సింధునదిని చేరెను. అతని వెనుక పడమటను అంటిగోనసు అను ప్రబలశత్రువు కాచియుండెను. ఆసియా మైనరును, సిరియాను ఏలుచుండిన ఆ వృద్ధవీరుడు అలెగ్జాండరు సామ్రాజ్యమంతయు తనదే కావలెనని కోరినవాడు. కావున సింధుతీరమున సెల్యూకసు చేయు ప్రతిపనియు పడమటి యుద్ధమునకు ముడివడియుండెను. తూర్పున చిక్కుకొని కాలము గడపుట అతనికి సాధ్యము కాదు. చంద్రగుప్తునకట్టి తొందర లేదు.

యుద్ధము

సెల్యూకసు సింధునదిని దాటి, ఆ నదీప్రాంత భారతీయుల రాజైన అండ్రకోట్టసుతో యుద్ధము చేసెననియు, తుదకు అతనితో స్నేహమును, వివాహసంబంధమును కుదుర్చుకొనెననియు అప్పియను చెప్పుచున్నాడు. ఇంతకు మించి యుద్ధమును గూర్చిన వర్ణన యొక్కటియు లేదు. ఏ రణభూమియు, ఏ సేనాపతియు, ఏ దినమును పేర్కొనబడలేదు. జస్టిను యుద్ధమను మాటయే తడవక, సెల్యూకసు చంద్రగుప్తునితో ఒడంబడిక చేసికొని, తూర్పు వ్యవహారములను చక్కబెట్టి, అంటిగోనసుతోడి యుద్ధమునకు మరలెనని మాత్రము తెలిపెను.

ఈ మౌనమును ఇరుపక్షములవారును తమకు అనుకూలముగ వినియోగించుకొనిరి. గ్రీకుల యోటమి కావుననే గ్రీకు రచయితలు దాచిరని కొందఱనిరి. అసలు గొప్పయుద్ధమే జరుగలేదని మఱికొందఱనిరి. మొదటి వాదమున దోషమిది: గ్రీకు రచయితలు తమ రాజుల పరాజయములను దాచువారు కారు, ఇదే సెల్యూకసు వంశజుల యోటములను విస్తరించి వ్రాసినవాడు ఇదే అప్పియను. రెండవ వాదమున దోషమిది: అప్పియను స్పష్టముగ యుద్ధమని చెప్పినదానిని కాదనుటకు ఆధారము లేదు. యుద్ధము జరిగెను, అది ఏ పక్షమునకును నిర్ణాయకము కాకయే సంధి కుదిరెను అనుటయే సాక్ష్యమునకు సమీపమైన మాట. ఐనను సెల్యూకసు కోరివచ్చిన భూమిని వదలుకొని మరలెననుటలో సందేహము లేదు. ఆ మేరకు బలాబలములు చంద్రగుప్తునకే అనుకూలముగ నుండెనని ఊహించుట న్యాయము. అది ఊహయని గుర్తించుటయు న్యాయమే.

భూభాగము

భూమిని గూర్చి స్పష్టముగ చెప్పినవాడు స్ట్రాబో. సింధునది పొడవున పూర్వము పారసీకులకు చెందిన దేశములలో కొంతభాగము భారతీయుల వశమున నున్నదనియు, అలెగ్జాండరు దానిని ఆరియనుల నుండి తీసికొని తన నివేశముల నేర్పఱచెననియు, సెల్యూకసు దానిని సాండ్రకోట్టసున కిచ్చి, వివాహసంబంధమును కుదుర్చుకొని, బదులుగ ఐదువందల ఏనుగులను గ్రహించెననియు అతని కథనము. 'కొంతభాగము' అను మాట గమనింపదగినది.

నాలుగు రాష్ట్రముల పట్టిక యెక్కడిది? అది ప్లినీ గ్రంథమునుండి వచ్చినది. గెడ్రోసియా, అరకోసియా, ఆరియా, పరోపమిసాదీ అను నాలుగు రాష్ట్రములను కొందఱు భారతదేశమున చేర్చుచున్నారని ప్లినీ భూగోళప్రసంగమున తెలిపెను. వీనిని నేటి పేళ్లతో చెప్పినచో క్రమముగ బెలూచిస్థానము, కాందహారు, హెరాతు, కాబూలు ప్రాంతములు. ప్లినీ ఆచోట సెల్యూకసు పేరుగాని, సంధిప్రసక్తిగాని తేలేదు. విన్సెంటు స్మిత్తు ఈ రెండు సాక్ష్యములను కలిపి, ఆ నాలుగు రాష్ట్రములును సంధిమూలమున మౌర్యులకు సంక్రమించెనని నిర్ణయించెను. టార్ను దీనిని అంగీకరింపక, ఆరియా ఎన్నడును మౌర్యుల చేతికి రాలేదనియు, తక్కినవానిలోను కొన్ని భాగములే వచ్చెననియు వాదించెను.

ఈ వివాదమునకు మూలము కొంత నామసామ్యమున కలదు. స్ట్రాబో చెప్పినది ఆరియానా. అది సింధునదినుండి పడమటికి వ్యాపించిన విశాలదేశమునకు పేరు. ఆరియా హెరాతును పరివేష్టించిన యొక్క రాష్ట్రము మాత్రమే. ఆరియానాలో కొంత పొందుట వేఱు, ఆరియాను పొందుట వేఱు. హెరాతు మౌర్యుల పాలనలో నుండెననుటకు నేటివఱకు ఏ శాసనమును లభింపలేదు.

తక్కిన ప్రాంతముల విషయమున భూమియే సాక్ష్యమిచ్చినది. 1958లో కాందహారునొద్ద ఒక బండపై గ్రీకు, అరమాయికు భాషలలో చెక్కిన అశోకశాసనము బయల్పడెను. అభిషేకానంతరము పదియేండ్లు నిండినపిమ్మట రాజు ధర్మము నుపదేశించెనని అది తెలుపుచున్నది. 1963లో అచ్చటనే దొరకిన శిలాఖండమున పండ్రెండవ శిలాశాసనపు చివరిభాగమును, పదుమూడవదాని మొదటిభాగమును గ్రీకుభాషలో నున్నవి. కాబూలు లోయకు చేరువనున్న లఘ్మాను ప్రాంతమునను అరమాయికు శాసనములు దొరకినవి. అరకోసియా, పరోపమిసాదీ ప్రాంతములు చంద్రగుప్తుని మనుమని యేలుబడిలో నుండెనని వీనివలన స్థిరపడినది. వీనిని గెలిచినట్లు అశోకుడు చెప్పుకొనలేదు. అతడు చెప్పుకొనిన విజయము కళింగమొక్కటే. కావున అవి పితామహుని సంధివలన సంక్రమించినవనుట సమంజసము. స్ట్రాబో మాటకు సుమారు రెండువేలయేండ్ల పిదప ఇట్లు శిలాసాక్ష్యము సమకూడినది.

ఏనుగులు

ఐదువందల ఏనుగులను చంద్రగుప్తు డిచ్చెనని స్ట్రాబో, ప్లూటార్కు లిరువురును చెప్పుచున్నారు. ఇది కేవలము సంప్రదాయసిద్ధమైన పెద్దసంఖ్య యని టార్ను సందేహించెను. ఈ సంఖ్యను ఇతరసంఖ్యలతో సరిపోల్చి చూతము. యూడెమసు కొనిపోయినవి 120. పాటలీపుత్రపు రాజునకు 9,000 ఏనుగులు కలవని ప్లినీ వ్రాసెను. 301లో ఫ్రిజియాదేశమున ఇప్ససు నొద్ద జరిగిన మహాయుద్ధమునకు ముందు సెల్యూకసు శీతకాలశిబిరమునకు 480 ఏనుగులతో వచ్చెనని డయోడోరసు లెక్కయిచ్చెను. ఆ యుద్ధమున సెల్యూకసు పక్షమున 400, అంటిగోనసు పక్షమున 75 ఏనుగులుండెనని ప్లూటార్కు చెప్పెను. సింధుతీరమునుండి ఆసియా మైనరు వఱకు వేలమైళ్ళు నడచిన గజసేనలో కొన్ని దారిలో పడిపోవుట సహజము. 500 బయలుదేరి 480 గాని, 400 గాని చేరెననుట అసంభవము కాదు. లెక్క ఖచ్చితమనలేము గాని, ఏనుగులు పెద్దసంఖ్యలో నడచుట నిస్సందేహము.

ఇప్ససు యుద్ధగతియు ఈ బేరము విలువను తెలుపును. అంటిగోనసు కుమారుడు డిమెట్రియసు తన యశ్వదళముతో ఎదిరిపక్షపు గుఱ్ఱపుదండును తఱిమి దూరముగ పోయెను. అతడు మరలివచ్చి తండ్రికి తోడుపడకుండ సెల్యూకసు ఏనుగులు దారి కడ్డముగ నిలువబడెను. ఏనుగుల వాసనకును, రూపునకును అలవాటులేని గుఱ్ఱములు వానిని సమీపింపవు. ఒంటరియైన అంటిగోనసు ఎనుబది యేండ్లు దాటిన వయసున రణరంగమున కూలెను. అలెగ్జాండరు సామ్రాజ్యమును మరల ఒక్కటి చేయవలెనను యత్నము ఆనాటితో ముగిసెను. సింధుతీరమున కుదిరిన సంధి మధ్యధరా ప్రాంతపు రాజకీయములను ఇట్లు మలచినది. సెల్యూకసు తన గజశాలలను సిరియాలోని అపామియా నగరమున నెలకొల్పెను. ఐదువందల ఏనుగులను అతడు అచ్చట పోషించెనని స్ట్రాబో మఱియొకచోట చెప్పెను.

ఏనుగులను చంద్రగుప్తుడు 'బహూకరించె'ననుట సరికాదు. మౌర్యరాజ్యమున ఏనుగును గాని, గుఱ్ఱమును గాని సామాన్యుడు పెంచరాదనియు, అవి రాజు సొత్తనియు మెగస్తనీసు తెలిపెను. గజవనములను ప్రత్యేకాధికారులచే కాపాడవలెననియు, ఏనుగును చంపినవానికి మరణదండన విధింపవలెననియు అర్థశాస్త్రము శాసించుచున్నది. ఆ గ్రంథపు కాలమును గూర్చి భిన్నాభిప్రాయములున్నను, ఏనుగు రాజ్యబలమునకు మూలద్రవ్యమను భావన రెండింటను ఒక్కటియే. అట్టి ద్రవ్యమును పొరుగురాజున కిచ్చుట వెలకట్టి యిచ్చుటయే. సెల్యూకసు తాను నిలుపుకొనజాలని దూరభూమి నిచ్చి, తనకు తక్షణము కావలసిన బలమును పొందెను. చంద్రగుప్తుడు తన సేనలో స్వల్పాంశము నిచ్చి, వాయవ్యద్వారమగు కనుమలను పొందెను. ఇరువురును లాభపడిన వ్యవహారమిది.

వివాహసంబంధము

మన గ్రంథములలో అధికముగ పెరిగినది ఈ యంశమే. అప్పియను వాడిన గ్రీకుపదము 'కేడోసు'. వివాహమూలకమగు బంధుత్వమని దాని యర్థము. స్ట్రాబో వాడినది 'ఎపిగామియా'. ఒక జనమునకు మఱియొక జనముతో న్యాయసమ్మతముగ వివాహమాడు అధికారమని గ్రీకు ధర్మశాస్త్రపరిభాషలో దాని ముఖ్యార్థము. మొదటిపదమునుబట్టి రెండు రాజకుటుంబములకు వియ్యము జరిగెననుకొనవచ్చును. రెండవదానినిబట్టి, క్రొత్తగ మౌర్యుల యేలుబడిలోనికి వచ్చిన ప్రాంతములలోని గ్రీకునివాసులకును, స్థానికులకును జరుగు వివాహములను ఇరుప్రభుత్వములును గుర్తించెననుకొనవచ్చును. వర్ణవ్యవస్థ ప్రబలిన దేశమున ఇట్టి నియమము ఎట్లు చెల్లెనను ప్రశ్న పండితులు లేవదీసిరి. కాని ఆ నివేశములు సరిహద్దు ప్రాంతమున నున్నవి. యవనులు అచ్చట నెలకొనియుండిరి. వారి స్థితిని సంధిలో నిర్ణయించుట అవసరమే.

వధువు సెల్యూకసు కుమార్తె యని ఏ ప్రాచీనరచయితయు చెప్పలేదు. ఆమెకు పేరు పెట్టలేదు. ఏ పక్షము పిల్లనిచ్చెనో సైతము చెప్పలేదు. 'హెలెను' అను పేరు ఆధునిక నాటకరంగమున ప్రసిద్ధి కెక్కినది. ద్విజేంద్రలాలు రాయి 1911లో ప్రకటించిన 'చంద్రగుప్త' వంగనాటకమున సెల్యూకసు కూతురు హెలెను పాత్రగ కనబడును. నాటకకర్తకు ఆ స్వేచ్ఛ కలదు. చరిత్రాధ్యాపకునకు లేదు. నాటకమునుండి పాఠ్యగ్రంథమునకును, పాఠ్యగ్రంథమునుండి పరీక్షాపత్రమునకును ప్రాకిన కల్పన, విద్యార్థి మనసున శాసనముకంటె గట్టిగ నాటుకొనును.

రాయబారులు

సంధి ఫలములలో శాశ్వతమైనది రాయబారమార్గము. అరకోసియా రాష్ట్రాధిపతియగు సిబిర్టియసునొద్ద నుండిన మెగస్తనీసు చంద్రగుప్తుని యాస్థానమునకు వచ్చెను. చంద్రగుప్తుని కుమారుడగు బిందుసారునొద్దకు డైమాకసు వచ్చెను. వీరిరువురును అబద్ధములాడువారని స్ట్రాబో నిందించెను గాని, ఆ నిందించిన గ్రంథముననే వారి మాటలను విరివిగ వాడుకొనెను. ఈజిప్టు రాజగు రెండవ టాలెమీ డయొనీసియసు అను వానిని పంపెనని ప్లినీ తెలిపెను.

ఆంధ్రులకు ఈ రాయబారములతో సాక్షాత్సంబంధము కలదు. ముప్పది ప్రాకారనగరములును, లక్ష పదాతులును, రెండువేల గుఱ్ఱములును, వేయి ఏనుగులును గల జాతిగ ఆంధ్రులను ప్లినీ వర్ణించెను. ప్లినీ ఆచోట మూలకర్త పేరు చెప్పకున్నను, ఆ సమాచారము మెగస్తనీసునుండి గ్రహింపబడినదని పెక్కుమంది చరిత్రకారుల యభిప్రాయము. అది నిజమైనచో ఆంధ్రుల సైనికబలమును గూర్చిన తొలి విదేశీయ లేఖనము ఈ సంధి తెఱచిన దారివెంట రోముకు చేరినదనవలెను.

బిందుసారునకును అంటియోకసునకును నడచిన యుత్తరప్రత్యుత్తరముల కథను హెగెసాండరునుండి గ్రహించి ఎథీనియసు చెప్పెను. బిందుసారుని గ్రీకులు అమిట్రోకేటసు అనిరి. అది 'అమిత్రఘాత' అను బిరుదమునకు రూపాంతరమని పండితులు తలంతురు. మధురమగు ద్రాక్షాసవమును, ఎండిన అత్తిపండ్లను, ఒక తత్త్వవాదిని కొని పంపుమని అతడు కోరెనట. మొదటి రెండింటిని పంపెదననియు, తత్త్వవాదిని అమ్ముట గ్రీకుల ధర్మమున చెల్లదనియు ప్రత్యుత్తరము వచ్చెనట. కథ హాస్యమునకై చెప్పినది కావచ్చును. అయినను ఇట్టి హాస్యము శత్రువుల నడుమ పుట్టదు. పొరుగురాజు పండ్లడుగుట, వాదకుని కోరుట సహజమని వినువారు నమ్మినప్పుడే ఆ కథకు రుచి.

అశోకుని శాసనములు

క్రీ. పూ. 3వ శతాబ్ది మధ్యమున ఈ సంబంధమునకు మన దేశపు సాక్ష్యము తొలిసారి లభించుచున్నది. పదుమూడవ శిలాశాసనమున ఆరువందల యోజనముల దూరమున నున్న అంటియోకుడను యవనరాజును, అతనికి ఆవల తురమాయ, అంతికిని, మక, అలికసుదర నాములగు నలుగురు రాజులును పేర్కొనబడిరి. వీరు వరుసగ సిరియాకు రెండవ అంటియోకసు, ఈజిప్టుకు రెండవ టాలెమీ, మాసిడోనియాకు అంటిగోనసు గోనటాసు, సిరీనీకి మాగసు. ఐదవవాడు ఎపిరసు రాజగు అలెగ్జాండరని కొందఱును, కోరింతు అధిపతియగు అలెగ్జాండరని కొందఱును అందురు. ఈ యేవురి పాలనకాలములును కలియు సంవత్సరములనుబట్టియే అశోకుని కాలము నిర్ణయింపబడినది. రెండవ శిలాశాసనమున అంటియోకుని రాజ్యమునను, అతని పొరుగురాజుల రాజ్యములందును మనుష్యులకు, పశువులకు చికిత్స నేర్పాటు చేసితినని అశోకుడు చెప్పుకొనెను. ఆ రాజులు ధర్మోపదేశము నెట్లు స్వీకరించిరో గ్రీకుగ్రంథములు చెప్పవు. దూతలు పోవుటకు దారియు, దూతలను పంపు అలవాటును ఉండెననుట మాత్రము స్పష్టము.

అదే పదుమూడవ శాసనమున, అశోకుని యేలుబడిలోని జనములలో యవన కాంభోజులతోపాటు ఆంధ్రులును పేర్కొనబడిరి. పదునాలుగు శిలాశాసనములును చెక్కిన తావులలో కర్నూలు జిల్లాలో గుత్తికి సమీపముననున్న ఎఱ్ఱగుడి యొకటి. ఇంకొక విశేషము: కళింగయుద్ధపు హింసను చెప్పు ఈ శాసనమును అశోకుడు కళింగదేశమున ధౌళి, జౌగడలలో చెక్కింపలేదు, కాందహారున గ్రీకుభాషలోనికి మార్పించి చెక్కించెను. ఓడిన ప్రజలకు చెప్పుటకు సంకోచించిన పశ్చాత్తాపమును, యవనులకు వారి భాషలోనే తెలిపెను. తాత పొందిన భూమిపై నివసించు గ్రీకుప్రజలను మనుమడు ఇట్లు సంబోధించుట, సంధిమూలమున వారు సామ్రాజ్యమున ఎట్టి స్థానమును పొందిరో సూచించుచున్నది. సౌరాష్ట్రమున అశోకుని తరఫున తుషాస్ఫుడను యవనరాజు పాలించి, సుదర్శనతటాకమునకు కాలువలు కట్టించెనని క్రీ. శ. 150 నాటి రుద్రదాముని జునాగఢు శాసనము చెప్పుచున్నది.

సంధి పునరుద్ధరణము

క్రీ. పూ. 206లో సెల్యూకసు వంశజుడగు మూడవ అంటియోకసు హిందూకుష్ పర్వతమును దాటి వచ్చెను. ఆనాటికి మౌర్యసామ్రాజ్యము శిథిలమగుచుండెను. అతడు భారతీయుల రాజగు సోఫగసేనుని (సుభాగసేనుని) కలిసి, స్నేహమును పునరుద్ధరించుకొని, కొన్ని ఏనుగులను గ్రహించి, తన గజసంఖ్యను 150కి పెంచుకొని, రాజు ఇచ్చుటకు ఒప్పుకొనిన ధనమును తెచ్చుటకు ఆండ్రొస్తెనీసును నిలిపి మరలెనని పాలిబియసు వ్రాసెను. ఇట పాలిబియసు చెప్పినది స్నేహమును 'పునరుద్ధరించుట'. క్రొత్తగ కల్పించుట కాదు. అనగా సుమారు 303లో కుదిరిన మాట 97 ఏండ్లకు పిమ్మటను ఇరుపక్షముల స్మృతిలో నిలిచియుండెను. ఈ నడుమ సెల్యూకసు వంశము టాలెమీ వంశముతో పలుమార్లు యుద్ధమాడెను. మౌర్యులతో యుద్ధమాడినట్లు ఒక్క సాక్ష్యమును లేదు.

మౌర్యవంశము అంతరించిన పిమ్మట సింధును దాటివచ్చిన యవనులు సెల్యూకసు వంశజులు కారు. బాక్ట్రియాలో స్వతంత్రించిన గ్రీకురాజులు. వారికి ఆ సంధి బంధకము కాలేదు. సాకేతము, మధ్యమిక నగరములు యవనులచే ముట్టడింపబడెనని పతంజలి మహాభాష్యపు ఉదాహరణములవలన తెలియుచున్నది. అయినను రాయబారసంప్రదాయము చావలేదు. క్రీ. పూ. 2వ శతాబ్ది చివరను తక్షశిలానివాసియగు హీలియోడోరసు, అంటియాల్కిడాసు రాజు దూతగ విదిశకు వచ్చి, భాగభద్రుని కాలమున వాసుదేవునకు గరుడధ్వజమును ప్రతిష్ఠించెను. బెసనగరున ఆ స్తంభము నేటికిని నిలిచియున్నది.

ఉపసంహారము

పై పరిశీలనమువలన తేలిన విషయములు ఇవి. సెల్యూకసు సింధునదిని దాటి చంద్రగుప్తునితో యుద్ధము చేయుట, సంధి కుదురుట, సింధునకు పడమట కొంతభూమి మౌర్యులకు వచ్చుట, ఏనుగులు పెద్దసంఖ్యలో గ్రీకులకు చేరుట నిశ్చితములు. అరకోసియా, పరోపమిసాదీ ప్రాంతములు ఆ భూమిలో చేరుట శాసనములచే స్థిరపడినది. గెడ్రోసియాలో కొంత చేరుట సంభావ్యము. ఆరియా చేరుట సందిగ్ధము. వివాహసంబంధ నియమముండుట నిశ్చితము. దాని స్వరూపము వివాదాస్పదము. సెల్యూకసు కుమార్తెను చంద్రగుప్తుడు పెండ్లాడుట నిరాధారము. గ్రీకుసేన ఘోరపరాజయము పొందుట ఏ సాక్షియు చెప్పనిది.

ఇట్లు చెప్పుటవలన చంద్రగుప్తుని కీర్తికి లోపము కలుగునని శంకింప పనిలేదు. గెలిచిన రాజులు చరిత్రలో పెక్కండ్రు. ఎదిరి కేది అత్యవసరమో గ్రహించి, తన కనావశ్యకమైన దానినిచ్చి, తనకు శాశ్వతముగ కావలసినదానిని పొంది, ఆ మాటను మూడు తరములు చెల్లునట్లు కుదిర్చిన రాజులు అరుదు. కల్పితవిజయమును ఆపాదించి ఆ రాజనీతిని మఱుగుపఱచుట అతనికి మనము చేయు గౌరవము కాదు. సాక్ష్యము కొలది చెప్పి, సాక్ష్యము లేనిచోట ఆగుటయే అతని యెడలను, మన విద్యార్థుల యెడలను మన ధర్మము.